కోడికునుకు

బల్లారట్‌లో జూన్ నెల. కారద్దం మీద గడ్డకట్టిన మంచుని
పాత బ్యాంకు కార్డుతో గీకి
ఆరున్నరకల్లా జంతువుల ఆసుపత్రికి చేరాను.
ఇది మూడోసారి రావడం. మూడు వారాల్లో.

బల్ల మీద మత్తులో ఒక గ్రేహౌండ్, పేరు పెప్పర్.
ముందుకాలు విరిగిందో బెణికిందో
ఎక్స్‌రే తీసిన గదికి తెలుసు.
ఆపరేషన్ గదిలో తెరకి ఇంకా తెలీదు.
బొమ్మ పైనుంచి కిందికి
పేలికలు పేలికలుగా దిగుతోంది.
భుజం వచ్చింది. మోచేయి దగ్గర ఆగింది.
డాక్టర్ ఇమొజెన్ కడుక్కున్న చేతులు పైకెత్తి పట్టుకుని
నా వైపు చూడకుండా ఉండటానికి కష్టపడుతోంది.

మొదటిసారి కేబుల్ మార్చాను.
రెండోసారి స్విచ్ మార్చి,
కనెక్షన్ ఇచ్చినవాళ్ళకి ఫోన్ చేసి
నలభై నిమిషాలు వాళ్ళ సంగీతం విన్నాను.
ఎవరో వదిలేసి వెళ్ళిన కుందేలు ఒకటుంది ఇక్కడ,
బల్లల కింద తిరుగుతుంది, తీగలంటే దానికి ప్రాణం.
దాని పళ్ళ మీద కూడా ఓ నేరం మోపాను.
అది ఏమీ అనలేదు.

పరీక్ష పెడితే మాత్రం అంతా సవ్యమే.
నల్ల కిటికీ తెరిచి పింగ్ పంపుతాను:
ఉన్నావా? ఉన్నా.
ఉన్నావా? ఉన్నా.
ఒక్క మిల్లీసెకను. ఒక్క మిల్లీసెకను.
కిటికీ మూసి, సంచి సర్దుకుని,
గేటు దాటేలోపు మళ్ళీ ఫోను.

ముందుగది గ్లెనిస్ మొదటిరోజే చెప్పింది.
బొమ్మలన్నీ దాచే పెట్టె ఆమె కాళ్ళ దగ్గరే ఉంటుంది.
డెబ్బైకి దగ్గర పడింది, స్వెట్టర్ నిండా పిల్లి వెంట్రుకలు.
"దీంట్లో రేడియో పెట్టుకున్నంతసేపూ బానే వెళ్తాయి బంగారం.
గుర్రప్పందేలయ్యి ఆపేశానా, మొరాయిస్తాయి."
నేను నవ్వాను. మర్యాదగానే నవ్వాను.
నోట్‌బుక్‌లో రాసుకోలేదు.

ఇవాళ, ఆ హడావిడిలో,
గ్లెనిస్ ఇంకా రాని ఆ బల్ల దగ్గర
పింగ్ కిటికీ మూయడం మర్చిపోయి
ఆపరేషన్ గదిలోకి పరిగెత్తాను.
మిగతా కాలు ఒక్క ఊపులో వచ్చిపడింది,
వెంట్రుకంత చీలికతో సహా.
ఇమొజెన్ ఆ చీలిక వైపు వంగింది.
నేను వెనక్కొచ్చి కిటికీ మూశాను, ఇంకో బొమ్మ పంపాను: ఈడుపు.
తెరిచాను: పరుగు.
మూశాను.
తెరిచాను.

పలకరిస్తున్నంతసేపే పలుకుతోంది.
ఊరుకుంటే కోడికునుకు.
ఒక పేలిక పంపి కన్ను మూస్తుంది,
ఎవరో తట్టితే ఉలిక్కిపడి ఇంకోటి అందిస్తుంది,
మళ్ళీ మూస్తుంది.
నేను తనిఖీకి వచ్చిన ప్రతిసారీ
నా తనిఖీయే దాన్ని లేపి కూర్చోబెట్టింది.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాను.
పరికరాల జాబితా, నెట్‌వర్క్ కార్డు, చిట్టచివరి పుట:
కరెంటు ఆదా కోసం దీన్ని ఆపివేయవచ్చు.
పక్కన చిన్న టిక్కు.
ఎవరూ పెట్టలేదు. పుట్టుకతో వచ్చింది.
ఏడాదంతా ఆ కునుకుల్లో మిగిలిన కరెంటుతో
గ్లెనిస్ ఎన్ని టీలు కాచుకోగలదో లెక్క కట్టబోయి
మానేశాను.
టిక్కు తీశాను. దాని కింద ఉన్న
పచ్చరంగు పేరు పెట్టుకున్న ఇంకో పొదుపునీ ఆపాను.

ఎనిమిదికి గ్లెనిస్ వచ్చింది, బూట్ల మంచు దులుపుకుంటూ.
మీరు చెప్పిందే నిజమండీ అన్నాను.
రేడియో దాన్ని పడుకోనివ్వలేదు, అంతే.
ఆమె సంతోషిస్తుందనుకున్నాను.
"అయితే ఇంక రేడియో అక్కర్లేదన్నమాట,"
అంది, మేనేజర్ గది తలుపు వైపు చూస్తూ.
ఆ తలుపు మీద, లామినేట్ చేసి, పెద్దక్షరాలతో:
వాడనివి ఆపండి.

కారులో హీటరు వేడెక్కేదాకా కూర్చుని రిపోర్టు రాశాను.
కారణం: నిద్ర. చర్య: నిద్ర మాన్పించడమైనది.
కాసేపాగి, ఇంకో వాక్యం:
ముందుజాగ్రత్తగా, పనివేళల్లో రేడియో కొనసాగించవలెను.
దీనికి సాంకేతిక ఆధారం ఏమిటని ఎవరైనా అడిగితే
కుందేలు మీద పెడతాను.